కథ ఒక్కటే చాలుననే వాదానికి ఖండన

సినిమా గురించీ, బొమ్మల పుస్తకం గురించీ తెలుగులో జరిగే చర్చ చాలావరకు ఒక నమ్మకం మీద నడుస్తోంది. కథే ప్రాణమనీ, వెలుగు, రంగు, గీత, కూర్పు అనేవి ఆ ప్రాణం మీద కప్పిన వస్త్రాలనీ, వస్త్రం బాగుంటే సంతోషమే గాని లేకపోయినా ప్రాణానికి వచ్చే లోటేమీ లేదనీ ఆ నమ్మకం చెబుతుంది. సినిమా సమీక్షలు రాసే పద్ధతే దీనికి సాక్ష్యం. కథ, కథనం, సంభాషణలు, నటన అనే వరుసలో పేజీ నిండిన తరువాత చివరి పేరాలో సాంకేతిక విలువల కింద ఛాయాగ్రహణానికి ఒక వాక్యం దక్కుతుంది. ఆ వాక్యం కూడా కెమెరా పనితనం కన్నులపండువగా ఉందనే అచ్చుపోసిన మాట దగ్గర ఆగిపోతుంది. పిల్లల పుస్తకాల విషయంలో ఇదే నమ్మకం మరో రూపంలో కనిపిస్తుంది. అక్షరాలు కూడబలుక్కునే వయసులో బొమ్మలు ఊతకర్ర వంటివనీ, చదవడం వచ్చిన తరువాత వాటి అవసరం తీరిపోతుందనీ పెద్దలు భావిస్తారు. ఈ నమ్మకం పొరపాటు. పైగా ఇది తెలుగువారు ఎంతో ప్రేమించిన కృతులనే అపార్థం చేసుకోవడానికి దారితీసిన పొరపాటు.

దృశ్యశైలి అనే మాటను ముందు స్పష్టం చేసుకోవాలి. ఏమి చూపాలో తేలిన తరువాత దానిని ఎలా చూపాలనే విషయంలో కళాకారుడు చేసే ఎంపికల మొత్తమే దృశ్యశైలి. చెట్టు కింద ఒక స్త్రీ నిలబడి ఉన్నదని మాటల్లో చెప్పినప్పుడు ఆమె ఎత్తు, చీర రంగు, పొద్దు ఏ వైపున ఉన్నదీ, చెట్టు గుబురైనదా మోడుబారినదా అనే సంగతులేవీ తేల్చకుండానే వాక్యం పూర్తవుతుంది. బొమ్మకు ఆ వెసులుబాటు లేదు. చిత్రకారుడు గీత సన్నగా లాగాలో ముద్దగా లాగాలో నిర్ణయించక తప్పదు. ఛాయాగ్రాహకుడు కెమెరాను ఎంత ఎత్తున నిలపాలో, వెలుగు ముఖం మీద పడాలో వీపు మీద పడాలో నిర్ణయించక తప్పదు. ఈ నిర్ణయాలు చేయనంతవరకు ఆ స్త్రీ తెర మీదికీ రాదు, కాగితం మీదికీ రాదు. అందువల్ల శైలిని తీసేసి కథను మాత్రం చూడటమనేది దృశ్యకళలో జరిగే పని కాదు. శైలిని తీసేస్తే అక్కడ మిగిలేది కథ కాదు, కథ గురించి ఎవరో రాసుకున్న సారాంశం.

‘మాయాబజార్’ను ఉదాహరణగా తీసుకుంటే ఈ సంగతి తేటపడుతుంది. 1957 మార్చి 27న విడుదలైన ఈ సినిమాను గొప్ప కథ వల్లనే గొప్పదైన చిత్రంగా చాలామంది చెబుతారు. అయితే దానికి ఆధారమైన శశిరేఖా పరిణయ కథ వ్యాసభారతంలో లేదు. జనం నోట పెరిగి, నాటకాల్లో స్థిరపడిన కథ అది. సురభి నాటక సమాజాల వారు దీనిని తరతరాలుగా ఆడుతున్నారు, 1936లో పి.వి. దాస్ దర్శకత్వంలో ఇదే కథ తెలుగు సినిమాగా వచ్చింది. ఆనందానికి మూలం కథే అయితే ఈ మూడూ ఒకే ఆనందాన్ని ఇచ్చి ఉండాలి. సురభి రంగస్థలం మీద ప్రేక్షకుడికి తీగ ఉన్నదని తెలుసు, తెర వెనుక ఎవరో లాగుతున్నారని తెలుసు. ఆ తెలివిడితోనే కళ్ల ముందు జరిగిన కనికట్టుకు చప్పట్లు కొడతాడు. విజయా వారి సినిమాలో ‘వివాహ భోజనంబు’ పాటలో ఘటోత్కచుడి శరీరం పెరుగుతుండగా, వంటకాలు వాటంతటవే నోటికి చేరుతుండగా కలిగే ఆనందం వేరు జాతిది. ఫిల్ములో కొంత భాగాన్ని నల్లని అడ్డుతో కప్పి, మిగిలిన భాగం మీద ఒక చిత్రాన్ని తీసి, తరువాత అదే ఫిల్మును వెనక్కి తిప్పి కప్పిన చోట మరో చిత్రాన్ని తీసే మాస్కింగ్ వంటి పద్ధతుల వల్ల ఆ కాలపు మాయాదృశ్యాలు సాధ్యమయ్యాయి. అక్కడ మాయకూ మామూలుకూ మధ్య గీత కనబడకపోవడమే అసలు సరదా. మాధవపెద్ది గోఖలే, కళాధర్ల కళాదర్శకత్వం, ఎస్.వి. రంగారావు నిండైన విగ్రహం, మార్కస్ బార్ట్‌లే వెలుగునీడల అమరిక, వీటన్నిటినీ ఒక్క తాటి మీద నడిపిన కె.వి. రెడ్డి చూపు కలిస్తేనే ఆ ఘటోత్కచుడు పుట్టాడు. కథలో ఉన్నది రాక్షసుడు మాత్రమే.

ఆ సినిమాలోనే వెన్నెల పాట ఉంది. ‘లాహిరి లాహిరి’ తెలుగువారికి వెన్నెలకు మారుపేరుగా నిలిచిపోయింది. నిజమైన వెన్నెలను పట్టగలిగేంత సున్నితత్వం ఆనాటి ఫిల్ముకు లేదు కాబట్టి ఆ వెన్నెల చంద్రుడిది కాదు, పూర్తిగా బార్ట్‌లేది. నలుపుకూ తెలుపుకూ మధ్య ఉన్న బూడిదరంగు మెట్లను ఆయన ఒక్కొక్కటిగా వాడుకున్నాడు. నీటి మీద మెరుపును తెలుపుకు దగ్గరగా, చెట్లను నలుపుకు దగ్గరగా ఉంచి, మనుషుల ముఖాలను ఆ రెంటి నడుమ మెత్తని వెలుగులో నిలిపాడు. కథ ప్రకారం ఆ ఘట్టంలో జరిగేది చాలా తక్కువ: ప్రేమికులు పడవ ఎక్కారు, పెద్దలూ వచ్చి చేరారు. కథే ప్రాణమనే సూత్రం ప్రకారం కొలిస్తే కత్తిరించదగిన ఘట్టమది. తెలుగువారు దానినే గుండెల్లో దాచుకున్నారు. సూత్రం తప్పు కావాలి, లేదా కోట్లమంది అనుభవం తప్పు కావాలి. అనుభవాన్ని తప్పుబట్టే విమర్శ రసవిమర్శ అనిపించుకోదు.

2010లో ఈ చిత్రానికి కంప్యూటర్ల సాయంతో రంగులు అద్ది మళ్లీ విడుదల చేశారు. కొత్త తరాన్ని థియేటరుకు రప్పించిన ఆ ప్రయత్నం వెనుక ఉన్న అభిమానాన్ని శంకించవలసిన పని లేదు, దాని కోసం పడ్డ శ్రమా చిన్నది కాదు. కానీ ఈ వాదానికి అదొక అపురూపమైన పరీక్షను సమకూర్చింది. నటులు వారే, పింగళి నాగేంద్రరావు మాటలు అవే, కెమెరా కదలికలు అవే. కంటికి కనబడే మార్పుల్లో ప్రధానమైనది రంగు. రంగు వస్త్రమే అయితే అనుభవం మారకూడదు. నలుపు తెలుపుల్లో కన్ను వెలుగు వెంట నడుస్తుంది, రంగుల్లో చీరల వెంట, నగల వెంట నడుస్తుంది. వెలుగు మీద నిలిపిన కూర్పులో రంగు ప్రవేశించగానే కంటికి వేరే దారులు తెరుచుకుంటాయి. అందుకే రంగుల ‘మాయాబజార్’ నచ్చినవారికి అది కొత్త సినిమాలా నచ్చింది, నచ్చనివారికి పరాయి సినిమాలా తోచింది. ఇరుపక్షాలవారూ తెలియకుండానే ఒప్పుకున్నది ఒకటే: వారు చూస్తున్నది కథను మాత్రమే కాదు.

దీనికి ప్రతివాదులు చూపగల బలమైన ఆధారం ఆకాశవాణి. సినిమా శబ్దాన్ని కుదించి ‘సంక్షిప్త శబ్దచిత్రం’ పేరుతో ప్రసారం చేసిన రోజుల్లో తెలుగిళ్లలో కుటుంబాలు రేడియో చుట్టూ చేరి వినేవి, బొమ్మ లేకపోయినా ఆనందించేవి. ఈ వాస్తవాన్ని కాదనలేము. అయితే దాని అర్థం వేరు. సినిమాను ముందే చూసినవారికి ఆ శబ్దం మనసులో దాగిన దృశ్యాలను తట్టి లేపింది. చూడనివారు రేడియో నాటకాన్ని విన్నారు. ఆ నాటకాన్ని వారు తమ మనోనేత్రం ముందు స్వయంగా చిత్రించుకున్నారు. దృశ్యం లేనిచోట శ్రోత దృశ్యాన్ని కల్పించుకోవలసి వచ్చిందంటే అది దృశ్యం అనవసరమని కాక, అది లేకుండా ఉండలేమని చెప్పే సాక్ష్యం.

సినిమా నుంచి పుస్తకానికి వస్తే ‘చందమామ’ను మించిన నిదర్శనం తెలుగులో లేదు. 1947 జూలైలో బి. నాగిరెడ్డి, చక్రపాణి ప్రారంభించిన ఈ మాసపత్రిక విజయాన్ని దాని కథల ఎంపికకూ, కొడవటిగంటి కుటుంబరావు తీర్చిన సరళమైన భాషకూ ఆపాదించడం ఆనవాయితీ. ఆ ఇద్దరు స్థాపకులే విజయా సంస్థకూ మూలపురుషులన్న సంగతిని మాత్రం విమర్శకులు కాకతాళీయమని దాటిపోతారు. చందమామ వచనాన్ని నిశితంగా గమనిస్తే అందులో వర్ణన దాదాపు ఉండదు. అడవి అన్నప్పుడు అడవి అనే మాటే ఉంటుంది, కోట అన్నప్పుడు కోట అనే మాటే ఉంటుంది. కొమ్మలు, నీడలు, బురుజులు, తలపాగాలు, గుర్రపు జీనులు ఏవీ వాక్యాల్లోకి రావు. ఆ వచనం అంత తేలికగా పరుగెత్తగలిగింది ఎందుకంటే బరువంతా పక్కనున్న బొమ్మ మోసింది. దాసరి సుబ్రహ్మణ్యం రాసిన జానపద ధారావాహికల్లో మాంత్రికులూ, వింత మృగాలూ, శిథిలాలయాలూ పాఠకుడిని వణికించాయంటే ‘చిత్ర’ అనే పేరుతో బొమ్మలు వేసిన టి.వి. రాఘవన్ కుంచెకు అందులో సగానికి తగ్గని పాలు ఉంది. అక్కడ బొమ్మ చేసింది కథను అలంకరించడం కాదు. రచయిత వదిలిపెట్టిన పనిని పూర్తి చేయడం.

మరో సంగతి దీనికంటే నిర్ణాయకమైనది. చందమామ పదికి పైగా భాషల్లో వెలువడింది. తెలుగు పాఠకుడు చదివిన వాక్యాలను ఒడియా పాఠకుడు గాని, మరాఠీ పాఠకుడు గాని చదవలేదు; ప్రతి భాషలోనూ మాటలు మారాయి, లయ మారింది, పలుకుబడి మారింది. మారకుండా అన్ని భాషలకూ చేరినది బొమ్మ. విక్రమార్కుడు భుజాన శవాన్ని వేసుకుని, చేత కత్తి పట్టుకుని, శ్మశానం వెంట నడిచే చిత్రాన్ని శంకర్ అనే సంతకంతో కె.సి. శివశంకరన్ గీశారు. నెల నెలా బేతాళ కథ ఒకే తీరు వాక్యాలతో మొదలైనట్టే ఆ చిత్రం కూడా మళ్లీ మళ్లీ కనిపించి కచేరీకి శ్రుతిలా పనిచేసింది. దేశంలో ఏ మూల పెరిగినవారైనా బేతాళ కథలను తలచుకోగానే ముందు మెదిలేది ఆ చిత్రమే. ఏ నెల బేతాళుడు ఏ ప్రశ్న అడిగాడో గుర్తున్నవారు అరుదు. ఆ జుట్టు, ఆ కత్తి, ఆ చీకటి మరిచినవారూ అంతే అరుదు. 2020లో శంకర్ కన్నుమూసినప్పుడు వేర్వేరు భాషల పాఠకులు ఒకే చిత్రాన్ని తలచుకుని దుఃఖించగలిగారంటే వారందరి బాల్యాలనూ కలిపిన దారం గీతతో పేనినదని ఒప్పుకోవాలి.

ఇక్కడ మరొక ఆక్షేపణ ఎదురవుతుంది. బొమ్మ పాఠకుడి ఊహను బంధిస్తుందనీ, ఒక రాజకుమారికి ఒక ముఖాన్ని ఖాయం చేసి తక్కిన వేల ముఖాలను చెరిపేస్తుందనీ సాహిత్యాభిమానులు అంటారు. ఈ ఆక్షేపణలో కొంత నిజం లేకపోలేదు. చవకబారు బొమ్మ ఆ పని తప్పక చేస్తుంది. కాని మంచి బొమ్మ చూపేది ఒక్క క్షణాన్ని. కత్తి ఎత్తి ఉంటుంది, ఇంకా దిగి ఉండదు. తలుపు సగం తెరిచి ఉంటుంది, లోపల ఏముందో కనబడదు. ముందు క్షణాన్నీ తరువాతి క్షణాన్నీ పాఠకుడే నడిపించుకోవాలి. వడ్డాది పాపయ్య నీటిరంగుల్లో వేసిన ముఖచిత్రాల్లో స్త్రీ ముఖం స్పష్టంగా ఉన్నా ఆమె చుట్టూ ఉన్న లోకం రంగుల పొగమంచులో కరిగిపోతుంది. ఆ కరిగిపోయిన చోటే చూసేవారి ఊహకు విడిది. అక్షరాలు మాత్రమే ఊహకు స్వేచ్ఛనిస్తాయనడం కంటిని బుద్ధిలేని అవయవంగా లెక్కగట్టడమే.

చిత్రకారుడు బాపు విషయంలో ఈ నమ్మకం ఎంత బలహీనమో మరింత బాగా తెలుస్తుంది. ముళ్లపూడి వెంకటరమణ ‘బుడుగు’ తన కథను తానే చెప్పుకునే పిల్లవాడు. మాట్లాడేవాడు తన రూపాన్ని తాను వర్ణించుకోడు కాబట్టి బుడుగు ఎలా ఉంటాడో చెప్పే బాధ్యత బాపు గీత మీద పడింది; నేడు ఆ పేరు వినగానే కళ్లముందు నిలిచేది బాపు గీసిన పిల్లవాడే. రమణ గొప్పతనం దీనివల్ల తగ్గదు, ఆ పుస్తకానికి ఇద్దరు కర్తలని మాత్రం తేలుతుంది. ఇక అందమైన అమ్మాయిని ‘బాపు బొమ్మ’ అని పిలవడం తెలుగు నుడికారంలో కలిసిపోయింది. ఒక చిత్రకారుడి గీతను జనం అందానికి కొలతగా తీసుకున్నారు, దానికి తమ భాషలో చోటిచ్చారు. శైలి పైపై మెరుగు మాత్రమే అయి ఉంటే ఒక జాతి చూపు దానివల్ల ఇంతగా మారేది కాదు.

అదే బాపు తీసిన ‘ముత్యాల ముగ్గు’ (1975) గురించి మాట్లాడేవారు రావు గోపాలరావు పలికిన సంభాషణలనే ముందు పెడతారు. ఆ సంభాషణలు గొప్పవే. అయితే వాటిలో అందరికీ నోటికి వచ్చినది, కాంట్రాక్టరు తెల్లవారుజాము ఆకాశంలోని ఎరుపును చూసి అక్కడ హత్య జరిగినట్టు పోల్చే మాట, ఒక దృశ్యాన్ని చూస్తూ పుట్టిన మాట. పచ్చని ఊరి మీద పొద్దుపొడుపు అందంగా కనబడుతుండగా ఒక మనిషికి అందులో నెత్తురు కనబడటమే ఆ పాత్ర స్వభావం; దృశ్యాన్ని తుడిచేస్తే మాటలోని భయం సగం పోతుంది. ఆ చిత్రానికి పనిచేసిన ఇషాన్ ఆర్యకు ఛాయాగ్రహణంలో జాతీయ పురస్కారం లభించింది. ఉత్తర రామాయణాన్ని ఆధునిక గ్రామంలోకి తెచ్చిన కథ అది. పురాణం పురాణంలా కాక పొరుగింటి కష్టంలా అనిపించడానికి పగటి వెలుగు, వాకిళ్లు, చెట్ల నీడలు కారణమయ్యాయి.

చిత్రకారుడు సినిమా తీయడం తెలుగుకు మాత్రమే పరిమితమైన విశేషం కాదు. సత్యజిత్ రాయ్ కలకత్తాలో ప్రకటనల సంస్థలో చిత్రకారుడిగా ఉన్న రోజుల్లో బిభూతిభూషణ్ బందోపాధ్యాయ నవల ‘పథేర్ పాంచాలి’కి పిల్లల కోసం చేసిన సంక్షిప్త రూపానికి బొమ్మలు వేశాడు. ఆ బొమ్మలు వేస్తుండగానే ఆయనకు సినిమా ఆలోచన వచ్చింది. 1955లో వెలువడిన ఆ చిత్రానికి సంప్రదాయ పద్ధతిలో పూర్తి లిఖిత స్క్రిప్టు కాక వరుస బొమ్మలూ, చిన్న చిన్న రాతలూ ఆధారమయ్యాయి. ఆ మరుసటి ఏడాది రాయ్ తీసిన ‘అపరాజితో’లో ఛాయాగ్రాహకుడు సుబ్రతో మిత్ర స్టూడియోలో కట్టిన కాశీ ఇంటి లోపలి ముంగిలికి పైన తెల్లని గుడ్డ పరిచి, దీపాల వెలుగును దాని మీదికి కొట్టి, అక్కడి నుంచి మెత్తగా కిందికి జారేలా చేశాడు, ఆకాశం నుంచి దిగే నీడలేని పగటి వెలుగు స్టూడియోలో పుట్టింది. ఆ వెలుగులో తల్లి సర్వజయ ఏమీ మాట్లాడకపోయినా ఆమె ఒంటరితనం ప్రేక్షకుడికి చేరుతుంది. దానిని కథ అనాలా, శైలి అనాలా అని విడదీయబోయినవారికి చేతిలో ఏమీ మిగలదు.

కథావాదులు చివరగా ఆశ్రయించేది విఫలమైన భారీ చిత్రాల ఉదాహరణ. గ్రాఫిక్స్ ఉన్నాయి గాని కథ లేదనే మాట నేడు ప్రతి థియేటరు బయటా వినిపిస్తుంది. ఆ మాట అన్న ప్రేక్షకుడి అసంతృప్తి నిజమైనదే, అతడు దానికి పెట్టిన పేరే సరికాదు. ఆడంబరం వేరు, శైలి వేరు. ఆడంబరం ఖర్చుకు సంబంధించినది, శైలి ఎంపికకు సంబంధించినది. ప్రతి దృశ్యమూ ఒకే నారింజ, నీలి రంగుల మిశ్రమంలో మునిగి, ప్రతి యుద్ధమూ ఒకే ఎత్తు నుంచి తిరిగే కెమెరాకు కనబడి, ప్రతి కోటా ఒకే కంప్యూటరు అచ్చులోంచి వచ్చినట్టున్నప్పుడు అక్కడ ఎంపిక జరగలేదని అర్థం. చిత్రీకరణ ముగిసిన తరువాత మొత్తం చిత్రాన్ని కంప్యూటర్లోకి ఎక్కించి రంగులు సరిచేసే డిజిటల్ ఇంటర్మీడియట్ అనే ప్రక్రియ వచ్చాక రంగును ఎంచుకోవడం చాలా సులువైంది. సులువైనందువల్లనే ఆలోచించకుండా ఎంచుకోవడమూ పెరిగింది. అటువంటి చిత్రం విసిగించిందంటే శైలి ఎక్కువై కాదు, లేకనే. పేదగా తీసిన చిత్రంలోనూ శైలి ఉండవచ్చునని చెప్పడానికి ‘పథేర్ పాంచాలి’ ఒక్కటే చాలు.

కథను ఆత్మగానూ దృశ్యాన్ని దేహంగానూ విడదీసి, దేహాన్ని చిన్నచూపు చూడటం మన సంప్రదాయమని కొందరు సమర్థించుకుంటారు. మన సంప్రదాయం సరిగ్గా దీనికి విరుద్ధం. భరతుడు నాట్యశాస్త్రంలో అభినయాన్ని ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్వికం అని నాలుగు విధాలుగా చెప్పాడు. వేషం, రంగు, నగ, రంగస్థల సామగ్రి వంటి కంటికి కనబడే హంగులే ఆహార్యం. వాటిని ఆయన అభినయానికి తోడు అనలేదు, అభినయంలోనే ఒక విధమన్నాడు. నాటకానికి దృశ్యకావ్యమని పేరు పెట్టినవారు చూపును కావ్యంలో భాగంగానే ఎంచారు. శాస్త్రం దాకా పోనవసరం లేదు; తెలంగాణలో చేర్యాల నకాషీ చిత్రకారులు ఎర్రని నేపథ్యం మీద వేసిచ్చిన పటాలను కాకిపడగల వంటి కథకులు ఘట్టం వెంట ఘట్టంగా విప్పుతూ కులపురాణాలు చెప్పారు. రాయలసీమలో తోలుబొమ్మలాట కళాకారులు మేక తోలును పలచగా చేసి, రంగులద్ది, వెనుక దీపం పెట్టి రామాయణాన్ని ఆడించారు. ఆ శ్రోతలకు కథ ముందే తెలుసు. సీత ఎవరో, రావణుడు ఏం చేశాడో తెలియక ఎవరూ రాత్రంతా మేలుకోలేదు. తోలులోంచి దీపం వెలుగు రంగులు పూసుకుని బయటికి రావడాన్ని చూడటానికి మేలుకున్నారు.

ఈ అపార్థం సిద్ధాంత చర్చగానే ఉండిపోతే ఇంత గట్టిగా ఖండించవలసిన పని ఉండేది కాదు. బొమ్మను అదనపు హంగుగా భావించడం వల్ల పాత కథలను మళ్లీ ముద్రించేటప్పుడు వాటితో పుట్టిన బొమ్మలను తొలగించి అక్షరాలను మాత్రం కూర్చడం తప్పుగా తోచదు. ముఖపత్రం మీద రచయిత పేరు ఉండి చిత్రకారుడి పేరు లేకపోవడం లోటుగా తోచదు. పాఠశాలలో పిల్లలకు పద్యం అర్థం చెప్పడం నేర్పినట్టు బొమ్మను చదవడం నేర్పాలన్న ఆలోచనే రాదు. పాత సినిమాలకు జరుగుతున్న అన్యాయం ఇంకా కళ్లెదుటే ఉంది. దాదాపు చదరంగా కనబడే నాలుగుకు మూడు నిష్పత్తిలో కూర్చిన నలుపు తెలుపు చిత్రాలను నేటి వెడల్పు తెరలకు సరిపెట్టడానికి అడ్డంగా సాగదీస్తున్నారు, లేదా పైనా కిందా కోసేస్తున్నారు. సాగదీస్తే ‘మాయాబజార్’ శశిరేఖ సావిత్రి ముఖం తన కొలతలు కోల్పోతుంది. కోస్తే బార్ట్‌లే ఎంతో లెక్కతో పడవకు పైన వదిలిన ఆకాశం, కింద వదిలిన నీరు పోతాయి; పాట మొత్తం వినబడుతుంది, మాట ఒక్కటీ తప్పిపోదు, కథలో ఏ మలుపూ పోదు, తెర మీద వెన్నెల మాత్రం ఉండదు.